కింద నీళ్లుంటాయిలే

ప్రియమైన తమ్ముడికి, పెద్దక్క దీవెనలు.
లేత్ మిషన్ పనికి సెలవు దొరికితే చాలు, సముద్రం ఒడ్డున కొండలెక్కుతున్నావట, తాడు లేకుండా. చిన్నక్క చెప్పింది. నేను కర్టెన్ తగిలించడానికి స్టూలెక్కినా మీ బావని పట్టుకోమంటాను. ఇదెక్కడి సరదా నాయనా?
నీ పెద్దక్క

ప్రియమైన పెద్దక్కకి,
చిన్నక్క నోట్లో నువ్వుగింజ నానదు. కంగారుపడకు. కొండ కిందే లోతైన నీళ్లుంటాయి. చెయ్యి జారితే నీళ్లలో పడతాం, ఈదుకుంటూ వచ్చేస్తాం. మొదట్లో నలుగురమే, అందరూ పిచ్చోళ్లనేవారు. ఇప్పుడు ఆదివారమొస్తే ఒడ్డున నిలబడ్డానికి చోటుండదు. ఈ ఆదివారం ఇంతవరకూ ఎవరూ ఎక్కని కొండ. ముందు నేనే. మా జట్టులో బక్కోడు ముందే మునిగి లోతు చూస్తాడు. వాడు చూడనిదే ఎవరం ఎక్కం.
నీ తమ్ముడు

ప్రియమైన తమ్ముడికి,
వద్దనను. వద్దంటే చెప్పకుండా ఎక్కుతావు. దిగాక ఒక్క ముక్క రాయి. అందాకా ప్రార్థనలో ఉంటాను.
పెద్దక్క

ప్రియమైన తమ్ముడికి,
ఆ ఆదివారం వెళ్లింది. ఇంకో ఆదివారమూ వెళ్లింది. ఫోన్ చేస్తే ఎత్తవు. ప్రార్థనకి కూర్చుంటే మాటలు రావడం లేదు, ఊరికే కూర్చుంటున్నాను. కోపంగానైనా సరే, రాయి.
పెద్దక్క

ప్రియమైన పెద్దక్కకి,
బతికే ఉన్నాను. ఒక్క గోరూ విరగలేదు. మొహం చెల్లక రాయలేదు.
బక్కోడు లోతు చూసింది పొద్దున్న, సముద్రం పోటు మీదున్నప్పుడు. జనం రానీ, ఫోన్లు పట్టుకోనీ అని మధ్యాహ్నం దాకా ఆగాం. సగం ఎక్కి కిందికి చూస్తే నీళ్లు వెనక్కి పోయి రాయి వీపు తేలింది. పడితే దాని మీదే. పైకి పట్టు దొరకలేదు, కిందికి దిగే దారీ లేదు. "నీళ్లు లేవురా" అని అరిస్తే జనం జోకనుకుని చప్పట్లు కొట్టారు. బక్కోడికే అర్థమైంది. చేపల పడవవాళ్ల లంగరు తాడు అడిగి తెచ్చి, వెనకవైపు దారిన కొండ మీదికెళ్లి, ఉచ్చు వేసి పైనుంచి వదిలాడు. చంకల కింద దూర్చుకున్నాను. బస్తాను లాగినట్టు లాగారు, తాడు అక్కర్లేని మొనగాణ్ణి. ఇప్పుడు ఒడ్డున నా పేరు బస్తా. తలెత్తుకోలేకపోతున్నాను.
ఇకమీదట ఎవడు ఎక్కితే వాడే, ఎక్కే ముందు, మునిగి చూడాలని కట్టడి పెట్టుకున్నాం. బావకి మాత్రం చెప్పకు, జన్మంతా ఏడిపిస్తాడు.
నీ తమ్ముడు

ప్రియమైన బస్తాకి,
ఉత్తరం నిలబడే చదివాను. చదివాక కూర్చున్నాను. బావకి చెప్పేశాను, ఎవరికో ఒకరికి చెప్పకపోతే ఊపిరాడేలా లేదు. నవ్వాడు. నవ్వి, కళ్లద్దాలు తుడుచుకున్నాడు. బక్కోణ్ణి ఒకసారి భోజనానికి తీసుకురా.
తలెత్తుకోలేకపోతున్నానని రాశావు. ఎత్తుకోకపోతే మానె. తల ఉంది కదా, నాకదే చాలు.
పెద్దక్క