గౌరయ్య మట్టి, నూనె బావి బురద

కండ్లకోయ, ఫిబ్రవరి 3

గౌరయ్య గారికి నమస్కారాలు.

ఫోన్‌లో సరిగా వినపడదన్నారని రాసి, మా కాలేజీ బస్సు డ్రైవర్ సుధాకర్ గారి చేతికిస్తున్నాను. నేను భవితను. పోయిన నెల మీ ఇంటి నుంచి కుండల మట్టి ఒక బస్తా తెచ్చుకున్నదాన్ని.

పెట్రోలు కోసం నూనె బావులు తవ్వేటప్పుడు లోపలికి బురద పోస్తారు. అది చిక్కగా నిలిస్తేనే రాతిముక్కలు పైకి వస్తాయి, గోడలు కూలవు. మన చుట్టుపక్కల మట్టిని ఆ పనికి మెరుగుపరచడమే నా పరిశోధన. పదకొండు ఊళ్ల మట్టి నీళ్లలో కలిపితే అడుక్కి దిగిపోయింది. మీది మాత్రం ఏమీ కలపకుండానే గంజిలా నిలబడింది. నా పరిశోధన చూసే జోగారావు సార్ కుర్చీలోంచి లేచి చూశారు. ఆయన మామూలుగా లేవరు.

దయచేసి ఇంకో బస్తా పంపగలరా?

ఇట్లు,
భవిత

తా.క. మీ మట్టి కింద నూనె లేదు. ముందే చెప్పడం మంచిదనిపించింది.


అత్వెల్లి, ఫిబ్రవరి 6

బిడ్డ భవితకు గౌరయ్య దీవెనలు.

బస్తా పంపుతున్న. నా మట్టి సంగతి ఇన్నేండ్లకు సదువుకున్నోళ్లకు తెలిసింది. మా తమ్ముడు దేవేందర్ గా మట్టి గుంత పూడ్చి ప్లాట్లు జేద్దామని పానం తీస్తుండు. నీ ఉత్తరం సూపెట్టిన. రెండు రోజుల సంది మాట్లాడుతలేడు. మస్తు నిమ్మళంగున్నది.

ఉంట,
గౌరయ్య

తా.క. నూనె లేకపోతే లేదని గంత గట్టిగ ఎందుకు రాస్తరని ఊరోళ్లు అడుగుతున్నరు. నిన్న ఇద్దరు డబ్బాలు పట్టుకొచ్చిండ్రు.


కండ్లకోయ, ఫిబ్రవరి 12

గౌరయ్య గారికి నమస్కారాలు.

రెండో బస్తా మట్టి అడుక్కి దిగిపోయింది. పొద్దున సోడా లాంటి మందులు కలిపి సాయంత్రం దాకా చూశాను, లాభం లేదు. ఇది మొదటి మట్టేనా? అందులో ఏమైనా కలిసిందా? ఈ నెల 28న నూనె బావుల కంపెనీవాళ్లు వస్తున్నారు. వాళ్లకు చూపించలేకపోతే నా పరిశోధన ఆపేస్తారు.

ఇట్లు,
భవిత

తా.క. సార్ మళ్లీ కూర్చున్నారు.


అత్వెల్లి, ఫిబ్రవరి 15

భవిత గారికి,

బిడ్డా అనాల్నా మేడం అనాల్నా తెల్వక గారు అని రాస్తున్న. నా మట్టి కల్తీ అంటవా? పాలల్ల నీళ్లు కలిపెటోళ్లను సూసిన. మట్టిల మన్ను కలిపెటోన్ని నేనింత వరకు సూడలె. రెండు బస్తాలు ఒక్క గుంతయే. ముప్పై ఏండ్ల సంది నేనే తవ్వుతున్న.

నీ ఉత్తరం తమ్ముడు కూడ సదివిండు. సోమవారానికి జేసీబీ మాట్లాడిండు.

గౌరయ్య, కుమ్మరి

తా.క. మట్టి మాది, నీళ్లు మీయి. ముందు మీ నీళ్లను అడుగు.


కండ్లకోయ, ఫిబ్రవరి 17

గౌరయ్య గారికి,

తప్పుగా రాసి ఉంటే క్షమించండి. కల్తీ అనలేదు. మొదటి బస్తాలో ఏదో మంచిది కలిసిందేమో అని అడిగాను. మీరు నింపి ఇచ్చిన ఆ మట్టి ఇంట్లో ఎక్కడ ఉండేది? దాని దగ్గరికి ఇంకెవరైనా వెళ్లేవారా? మీరు బిడ్డా అనే రాయండి.

భవిత

తా.క. నీళ్లను కూడా పరీక్షించాను. నీళ్లు నీళ్లలాగే ఉన్నాయి.


అత్వెల్లి, ఫిబ్రవరి 19

బిడ్డా,

నేను తారాబాయిని, గౌరయ్య భార్యను. నీ ఉత్తరం నా చేతికొచ్చింది, ఆయనకియ్యలె.

నువ్వు మొదలు తీస్కపోయిన మట్టి మా పెరట్ల కుప్పది. గుంతల కెల్లి తెచ్చిందే, గని రెండు నెలలు ఆడ పడున్నది. నేను బట్టలుతికే బండ దాని పక్కనే. బట్టల సోడా నీళ్లు పొయ్యెతందుకు మోరీ లేదు, రోజు ఆ కుప్ప మీదికే పోతయి. ఆరేసెతందుకు దాన్ని తొక్కుకుంటనే పోత. గా సోడాకు, తొక్కుడుకే అది నిలబడ్డట్టున్నది. రెండో బస్తా ఆయన గుంతకెల్లి సీద తెచ్చిండు.

నువ్వు సోడా కలిపితే పొద్దున కలిపి మాపటికి సూసినట్టున్నవు. గట్ల కాదు. నాననియ్యాలె, కాళ్లతోని తొక్కాలె, మళ్ల నాననియ్యాలె. నెలన్న పడ్తది. నీకు అంత టైం లేదు గాబట్టి మిగిలిన కుప్పంత మూడు బస్తాలల్ల నింపి సుధాకర్ బస్సుల ఏసిన. కంపెనీ వాళ్లకు అది సూపెట్టు.

ఆయనకు మాత్రం మట్టే మంచిదని రాయి. మూడు రోజుల సంది అన్నం సరిగ్గ తింటలేడు.

నీ తారాబాయి

తా.క. గుంత పట్టా నా పేరు మీద ఉన్నది. నేను సంతకం పెట్టందే ప్లాట్లు కావు. మా మరిదికి ఆ సంగతి యాద్ లేదు. జేసీబీ వచ్చినంక చెప్దామని సూస్తున్న.