నడిమిన గుచ్చి చూశాను

మద్రాసు, 9-6-68

అన్నయ్యకు, నేను కులాసా. కోర్సు బాగా సాగుతోంది.

నేను తిరిగొచ్చి పిల్లలకు కంప్యూటరు భాష ఫోర్ట్రాన్ నేర్పడానికి, మా కాలేజీకి ఒక్క పుస్తకమే కొనమన్నారు ప్రిన్సిపాలుగారు. షాపులో రెండున్నాయి. ముందుమాటలు చదివినకొద్దీ నా సందేహం పెరిగింది. అప్పుడు ధాన్యం బస్తాలోకి నమూనా గింజలు తీసే గొట్టం గుచ్చుతూ నువ్వనే మాట గుర్తొచ్చింది: "పైగింజలేటి సూస్తావే సెల్లీ, నడిమిన గుచ్చి సూడు!"

రెండూ మధ్యలో తెరిచి, వాటిలో చెప్పినట్టే నది వరదను అంచనా కట్టే లెక్క కాగితం మీద చేశాను. లావుపాటిది సగంలో వదిలేసింది. పల్చటిది చేయిపట్టి చివరిదాకా నడిపించింది. అదే కొన్నాను. నా ఎమ్మెస్సీ కన్నా నీ గొట్టమే అక్కరకొచ్చింది.

వదిన మోకాలి నొప్పి తగ్గిందా? కోర్సు ముగించుకుని వచ్చే ఆదివారం దిగుతాను, ఆమదాలవలస స్టేషనుకి బండి పంపు. సరైనదే కొన్నానా అని ఇంకా గుబులే. ఇంగ్లీషు రాకపోయినా ఫరవాలేదు, నువ్వూ ఒకసారి మధ్యలో తెరిచి చూద్దువుగాని.

అమ్మకు నమస్కారాలు, పిల్లలకు దీవెనలు.

భాగ్యవతి