చుక్కలు వేయని ఆరు బాటిళ్ళు

నా ఇల్లాలికి,

ఇక్కడ నేనూ అమ్మా క్షేమం. అక్కడ నువ్వూ మన బుడంకాయా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. ప్రతి ఉత్తరంలో అలవాటుగా రాసే మాటే ఇది. ఈసారి మాత్రం ఒకసారి రాసి కొట్టేసి, మళ్ళీ రాశాను. ఎందుకో చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. అమ్మ మోకాలు కాస్త నయం. కోడలు ఊళ్ళో లేదు కాబట్టి సణగడానికి నేనొక్కడినే దొరికాను. వంటింటి కిటికీ రెక్క బాగుచేయించాను. పడవకు కొత్త మోటారు ఇంకా రాలేదు. వారానికోసారి నది మధ్యలో మొరాయిస్తుంది, నేనూ మన పడవ తాతా తెడ్లు వేసుకుంటూ ఒడ్డుకు చేరతాం. సంతోషంగా ఉన్నారా అని కూడా అడిగావు. లేను.

పదకొండేళ్ళుగా ఎండనకా వాననకా ఈ నదిలో పరీక్షకు నీళ్ళు పడుతున్నది నేను. పై ఉద్యోగానికి ఒకే పరీక్ష ఇద్దరం రాశాం. ఈ నది నీళ్ళే కుళాయిల్లో వచ్చే దిగువ ఊరి ప్రయోగశాలకు నువ్వు వెళ్ళావు, నేను పడవలోనే మిగిలాను. సరేలే అనుకున్నాను. కానీ నేను పంపిన నీళ్ళలో సీసం హద్దుకు మూడింతలుందని నువ్వు తేల్చిన రోజు నుంచి నాకు ముద్ద దిగలేదు. మీ ప్రయోగశాల పెద్దాయన నాకే ఫోన్ చేసి, “మీ ఆవిడ చెయ్యి పడితే నీళ్ళు కూడా నిజం చెప్పేస్తాయయ్యా!” అన్నాడు. ఆ నీళ్ళు పట్టిన చెయ్యి ఎవరిదో ఆయనకు గుర్తే లేదు. ఇక్కడ ఆఫీసులో నా పేరు పోయి ‘మేడమ్ గారి ఆయన’ మిగిలింది. పైకి నవ్వాను, లోపల ఒళ్ళు మండిపోయింది. నీ ఉత్తరాల్లో ‘మా సారు ఇలా అన్నారు, మా సారు అలా అన్నారు’ అని ఉంటే, ఆ సారు ఎన్నిసార్లు వచ్చాడో లెక్కపెట్టేవాణ్ణి. ఒక ఉత్తరంలో తొమ్మిదిసార్లు. నేను నాలుగుసార్లు, అందులో ఒకటి కిటికీ రెక్క గురించి.

ఇక అసలు సంగతి. రూఢి చేసుకోవడానికి మళ్ళీ ఆరు బాటిళ్ళు పంపమన్నారు కదా. నీళ్ళు పట్టగానే ఒక్కో బాటిల్లో నైట్రిక్ యాసిడ్ చుక్కలు వేయాలి. లేకపోతే సీసం బాటిల్ గోడలకు అంటుకుపోయి, నీళ్ళలో తక్కువగా కనిపిస్తుంది. ఇది నీకు నేర్పింది నేనే. ఆ రోజు నేను వేయలేదు. మరిచిపోయి కాదు, కావాలనే వేయలేదు. తాత చూడనే చూశాడు.

“ఏం సార్, ఇవాళ చుక్కలు వెయ్యలేదేంటి?”

“నీ పని పడవ నడపడం. అది చూసుకో.”

“నాకెందుకులెండి. రోజూ పైకే లెక్కపెడతారు కదా, ఇవాళ వినబడలేదని అడిగా.”

వేశానని కాగితం మీద రాసి సంతకం పెట్టాను. యాసిడ్ పడిందో లేదో అని అందరి బాటిళ్ళలోనూ నువ్వు లిట్మస్ కాగితం ముంచి చూస్తావు, నావి మాత్రం చూడవు. అది తెలిసే చేశాను. అనుకున్నట్టే సీసం తక్కువ వచ్చింది, నీ రిపోర్టు వెనక్కి తీసుకున్నారు. మీ పెద్దాయన నోరు మూతపడింది. నిజం చెప్పాలంటే, రెండు రోజులు కడుపునిండా తిన్నాను.

మూడో రోజు నీ ఉత్తరం వచ్చింది. ‘తప్పు నాదేనండీ, నా చెయ్యే ఎక్కడో తడబడి ఉంటుంది. మీరు పట్టిన నీళ్ళు కదా, ఇంకా అనుమానమెందుకని డబ్బా నీళ్ళు మానేశాం. బుడంకాయ కుళాయి కిందే నోరు పెట్టి తాగేస్తోంది’ అని రాశావు. నీ మీద ఏడుపుతో నా కూతురికి నేనే విషం పోశాను.

నిన్న ఫోన్ చేసి కుళాయి నీళ్ళు తాగొద్దన్నది అందుకే. ఎందుకని అడిగితే పైపులు కడుగుతున్నారట అన్నాను. అదీ అబద్ధమే. ఫోన్ పెట్టేశాక ఆలోచన వచ్చింది, మీ ఇద్దరికైతే చెప్పాను గానీ ఆ ఊళ్ళో పిల్లలందరికీ ఎవరు చెప్తారు? ఈ ఉదయం జరిగిందంతా రాసి సంతకం చేసి మా ఆఫీసరు చేతికిచ్చాను. మీ పెద్దాయనకు ఫోన్‌లో చదివి వినిపించాను. ఆ బాటిళ్ళు పారేయొద్దని, యాసిడ్ పోసి ఒక రోజు ఉంచితే అంటుకున్న సీసం మళ్ళీ నీళ్ళలోకి దిగుతుందని చెప్పబోయాను. అది ఆయనకు ముందే తెలుసు. కుళాయిలు వెంటనే ఆపిస్తానని ఫోన్ పెట్టేశాడు. నా ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. ఈ ఉత్తరం చేరేలోపే ఆయన నీకు చెప్పి ఉంటాడు. అయినా నా చేత్తో రాయాలి కదా.

నీ లెక్కే నిజమని తేలుతుంది. మళ్ళీ అందరూ నిన్నే మెచ్చుకుంటారు. ఆ రోజు సంతోషిస్తానని రాయబోయాను, చెయ్యి రాలేదు. అప్పుడూ నాకు కడుపు మండుతుంది. మండనీ. నువ్వు మాత్రం నన్ను తిడుతూ రాయి, అసలు రాయకపోయినా సరే. ‘తప్పు నాదేనండీ’ అని మాత్రం ఇంకెప్పుడూ నాకు రాయకు.

ఇట్లు,
నువ్వింకా ఒప్పుకుంటే,
నీ భర్త