సున్నాకి రెండు గీతలు తక్కువ

నిమ్‌పురా, ఖరగ్‌పూర్
జూలై 4

ప్రియమైన నాన్నా,

రైల్వే వర్క్‌షాపు మాజీ టర్నర్, మన ఇంటి శాశ్వత ప్రధాన న్యాయమూర్తి శ్రీ సొలొమోను గారికి కూతురు దోర్కా వందనాలు.

చెవుల వైద్యానికని నువ్వు అమ్మతో విజయనగరం సుజాతమ్మత్త ఇంటికి వెళ్లి పదిరోజులైంది. ఫోన్లో నీకు వినపడేలా అరిస్తే ఇక్కడ యార్డులో గూడ్సు బండి ఆగిపోతోంది. అందుకే ఈ ఉత్తరం.

శుభవార్త. విద్యాసాగర్ పార్క్‌లో మా కార్ఖానావాళ్లు ఆర్నెల్ల తర్వాత నన్ను కాగితాల చెర విడిపించి లేత్ మిషను మీదకి పంపారు. ఆటో ఇంజిన్‌కి కొత్తరకం పిస్టన్లు ఆరు చెక్కాలి. వాటిలో ఒకటి పెట్టి నడిపిన ఇంజిన్ పరీక్షలో నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేకపోతే ప్యాకింగ్. మా సూపర్‌వైజర్ మైతీదా నన్ను పైనుంచి కిందకి చూసి, "లేడీ టర్నర్? ఠీక్ హై, దేఖేంగే" అన్నాడు.

ఇక నేరాంగీకారం. నీ ఇనప్పెట్టె తెరిచి, మెత్తటి గుడ్డలో చుట్టి దాచిన మైక్రోమీటర్ తీసుకున్నాను. దానితో కొలిచిన ముక్క ముప్పై ఐదేళ్లలో ఒక్కటీ వెనక్కి రాలేదని క్రిస్మస్‌కొకసారి ప్రకటిస్తావు కదా. తిట్లు పోస్టులో పంపవచ్చు.

నీ ఇంటిదొంగ,
దోర్కా


విజయనగరం
జూలై 9

ప్రియమైన అమ్మలూ,

నీ ఉత్తరం అందింది. పెట్టె తాళం ఎక్కడుందో నీకెలా తెలిసిందేటి? మీ అమ్మ నవ్వుతోంది. తెలిసిపోయింది.

లేడీ టర్నరేటి, టర్నర్ టర్నరే అని మీ మైతీకి నా మాటగా చెప్పు.

మైక్రోమీటర్ వాడేముందు సున్నా చూసుకో. దాని రెండు మొహాలూ కలిపి చూడు, ఆ తర్వాతే కొలత. మర్చిపోకు.

డాక్టరు చెవికి మిషను పెడతానన్నాడు. మీ అత్త మాటలు కూడా వినపడతాయని భయంగా ఉంది.

దీవెనలతో,
నాన్న


నిమ్‌పురా
జూలై 18

ప్రియమైన నాన్నా,

నీ ఉత్తరం పదిహేనున వచ్చింది. ఇంజిన్ పద్నాలుగున ఆగింది.

పూర్తి లోడు మీద పెట్టారు. అరగంట సేపు మన చర్చి క్వైర్ కంటే శ్రుతిగా పాడింది. నలభయ్యో నిమిషంలో ఒక్క మూలుగు మూలిగి బిగుసుకుపోయింది. అమ్మ కోసం వివరణ: పిస్టన్ వేడికి ఉబ్బుతుంది. అందుకని సిలిండర్‌కీ దానికీ మధ్య నాలుగు గీతల సందు వదలాలి. గీతంటే మిల్లీమీటర్‌లో నూరోవంతు. నా పిస్టన్‌కి మిగిలింది రెండే.

ఎలా జరిగిందని మైతీదా అడిగితే నా చేతి తప్పు అని చెప్పాను. నీ మైక్రోమీటర్‌కి ఏ పాపమూ తెలియదు. సున్నా చూశాను, సున్నాగానే ఉంది.

ప్రస్తుతం ప్యాకింగ్ విభాగంలో అట్టపెట్టెల సేవలో తరిస్తున్నాను. అవి నన్ను చాలా గౌరవిస్తున్నాయి. కొంచెం ఏడుపొచ్చింది నాన్నా. ఎక్కువ కాదు, ఓ గీతంత.

అట్టపెట్టెల అధిపతి,
దోర్కా


విజయనగరం
జూలై 24

ప్రియమైన దోర్కా,

అబద్ధం ఆడడం నీకు చిన్నప్పట్నుంచీ రాదు. రెండు గీతలన్నావు, అక్కడే దొరికిపోయినావు. ఆ మైక్రోమీటర్ సున్నాకి రెండు గీతలు తక్కువ చూపిస్తాది, ఇరవై మూడేళ్లబట్టి. ఇంజిన్ ఆగినాక నువ్వది చూసే ఉంటావు. నాన్న పేరు పోతాదని నీ మీద వేసుకున్నావు.

విను. నువ్వు పుట్టిన పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. నాతో పనిచేసే తిమోతి వర్క్‌షాపు గుమ్మంలో నిలబడి, "ఆడపిల్లరోయ్ సొలొమోనూ" అని కేకేసినాడు. చేతిలోది జారి నేల మీద పడింది. అప్పట్నుంచి కొలిచిన ప్రతిసారీ రెండు కలుపుకున్నాను. బాగు చేయడానికి తీరిక దొరకలేదు.

మొన్నటి ఉత్తరంలోనే ఇది రాయాల్సింది. క్రిస్మస్‌కొకసారి చెప్పే గొప్ప అడ్డొచ్చింది. సున్నా చూసుకో అని మాత్రం రాసి ఊరుకున్నాను. తప్పు నాది. ఇదే మాట మైతీకి హిందీలో రాసి పోస్టు చేసినాను.

నాన్న


నిమ్‌పురా
ఆగస్టు 3

ప్రియమైన నాన్నా,

మైతీదా నీ ఉత్తరం రెండుసార్లు చదివి, కళ్లజోడు తుడుచుకుని, నన్ను పిలిచి తిట్టాడు. సున్నా చూడకుండా కొలిచినవాళ్లదే తప్పట. నిజమే. కాలేజీలో మొదటిరోజే నేర్పారు. కానీ మా నాన్న మైక్రోమీటర్‌కి సున్నా చూడడమంటే పాస్టరుగారిని బైబిలు చదివారా అని అడిగినట్టు అనిపించింది.

మిగతా ఐదు పిస్టన్లూ లావుగానే ఉన్నాయి గనక రెండేసి గీతలు తీసెయ్యమన్నాడు. తీశాను. గురువారం ఇంజిన్ ఎనిమిది గంటలు ఆగకుండా తిరిగింది. అట్టపెట్టెలు కన్నీటితో వీడ్కోలు చెప్పాయి. ఉద్యోగం ఖాయమైంది.

ఆ తర్వాత మైతీదా నీ మైక్రోమీటర్ అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఇలా ఇవ్వు. చిన్న స్పానర్ పెట్టి తిప్పితే సున్నా సరిపోతుంది. దో మినిట్ కా కామ్" అన్నాడు.

రెండు నిమిషాలు, నాన్నా. ముప్పై ఐదేళ్ల టర్నర్‌కి ఇరవై మూడేళ్లు ఆ రెండు నిమిషాల తీరిక దొరకలేదు.

"వద్దు మైతీదా" అని వెనక్కి తీసుకున్నాను. పనికి కార్ఖానా మైక్రోమీటర్ వాడుతున్నాను, రోజూ సున్నా చూసుకునే. నీది మళ్లీ ఆ గుడ్డలోనే చుట్టి పెట్టెలో పెట్టేశాను. పెట్టేముందు చూశాను. నేను పుట్టిన పొద్దున ఉన్నట్టే, ఇంకా రెండు తక్కువ ఉంది. అలాగే ఉంచాను.

చెవి మిషను పెట్టించుకుని త్వరగా రా. నేను మామూలు గొంతుతో చెప్పాల్సినవి కొన్ని ఉన్నాయి.

నీ రెండు గీతలు,
దోర్కా