గేర్లపెట్టెలో వేపుడు నూనె

నేను బజారుకి వెళ్తున్నాను. ఇవాళ లేత్ ఆన్ చెయ్యకండి. గేర్లపెట్టెలో నూనె మొత్తం నిన్న సాయంత్రం నేనే తీసేశాను. అది మెషిన్ ఆయిల్ కాదు, టెంపే సోయా ముక్కలు వేయించాక నేను డబ్బాలో ఎత్తిపెట్టిన నూనె. ఇంకో వారం తిరిగుంటే జిగురు కట్టి బేరింగులు పట్టేసేవి, తెగల్ రేవులో పడవవాళ్ళ షాఫ్టు పనీ పోయేది.

డబ్బాలు మార్చింది మీ తమ్ముడు వార్సిటో అనుకున్నాను. రెండు రోజులు వాడికి అన్నం కూడా సరిగ్గా పెట్టలేదు. తీరా చూస్తే వాడు కాదు. డబ్బాల మీద పేర్లు రాద్దామంటే, "నా ముక్కుండగా రాతలెందుకే" అని ఇన్నేళ్ళూ నన్ను ఎగతాళి చేసింది మీరే కదా. ఆ ముక్కు మీదే అనుమానం వచ్చింది నాకు.

అందుకే రాత్రి కావాలనే పెనం మీద రొయ్యల ముద్ద మాడబెట్టాను. పక్కింటివాళ్ళు కిటికీలు మూసుకున్నారు. మీరేమో పక్కనే పీట వేసుక్కూర్చుని, "ఇవాళ ఏం వండుతున్నావు?" అన్నారు. మొన్న జ్వరం వచ్చినప్పటి నుంచేనా? నాకెందుకు చెప్పలేదు?

ఎర్రదారం కట్టిన డబ్బాలో పల్చటి నూనె, గేర్లపెట్టెకి. నల్లదారం ఉన్నది చిక్కటిది, లేత్ బెడ్డు పట్టాలకి. నేనొచ్చాక ఇద్దరం కలిసి నూనె పోద్దాం. వార్సిటోకి ఏమీ చెప్పలేదు, చెప్పను కూడా.

టీ ఫ్లాస్కులో పోసి ఉంచాను. గ్యాస్ పొయ్యి మాత్రం వెలిగించకండి. లీకవుతున్నా మీకు తెలీదు.