ఇద్దరు రాణుల పటం

హల్దీపాడా గ్రామ కాపురస్తురాలిని, ఓటరు కార్డులో కమరున్నీసా బీబీని, నేను బొమ్మలేసి, వేలితో చూపిస్తూ ఊరూరా పాడే పటాల మీద కమలిని చిత్రకర్‌ని, కీర్తిశేషులు రమజాన్ చిత్రకర్ పెద్ద భార్యను, వయసు డెబ్బై ఒకటి. మోకాళ్లు తప్ప తక్కినవన్నీ సక్రమంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టప్రకారం రాయించిన వీలునామా ఏమనగా:

ఇది రాయించడానికి కారణం ఒక్కటే. నా తర్వాత ఆలోమణిని ఎవరూ వీధిలో నిలబెట్టకూడదు. ఆలోమణి నా భర్తకు రెండో భార్య. ఆయన పోయాక కలిసే ఉన్నాం. సవతులు కొట్టుకోకుండా ఉన్నారని ఊరు మెచ్చుకుంది, అంతకు మించి అడగలేదు. ఆమె అంటే నాకు ప్రాణం. అడిగితే అదే చెప్పేదాన్ని.

1. ఇద్దరు రాణుల పటం నా తమ్ముడి కొడుకు సూరజ్‌కు చెందవలెను. దిలీపరాజు పోయి వంశం ఆగిపోతే, శివుడి వరంతో ఆయన రాణులిద్దరూ ఒకరినొకరు చేరారు, భగీరథుడు పుట్టాడు. మా నాన్న ఇది పూర్తిగా పాడేవాడు. నా తమ్ముడు నిమాయ్ మాత్రం వితంతువుల బొమ్మ మీంచి వేలు జారించి తిన్నగా పుట్టిన బిడ్డను దీవించే ముని బొమ్మ మీద పెడతాడు. "ఇద్దరాడవాళ్ల మంచం చూపిస్తే గుప్పెడు బియ్యం కూడా వెయ్యరే" అంటాడు. ఆ పిల్లాడు దించిన గంగ కావాలి గానీ, వాడి పుట్టుక పాడకూడదట! సూరజ్‌కు షరతు: ఆ బొమ్మ దగ్గర పాట అయ్యేదాకా వేలు కదలకూడదు. పటం వెనుక అతికించిన గుడ్డలో సగం నా పాత చీర, సగం ఆలోమణిది. తడవనివ్వకు నాయనా.

2. నా రంగుల కొబ్బరి చిప్పలు, మారేడు బంక నిమాయ్‌కి. బంక సరిపడా వెయ్యడు, అందుకే వాడు గీసిన పులులు వానాకాలంలో రంగు కారిపోతాయి. ఇకనైనా నేర్చుకోవలెను.

3. రాణులిద్దరి చిన్న బొమ్మ కలకత్తా అమ్మాయి సుదేష్ణకు. పురాణాల్లో ఇలాంటి ప్రేమల మీద పెద్ద చదువు చదువుతోంది. "ఇవన్నీ మొదటినుంచీ ఉన్నవే మాసీ, తర్వాతివాళ్లు కప్పెట్టారు. మరి మీ సంగతేంటి?" అని అడిగింది. "మా సంగతేముందమ్మా, ఒక దోమతెర, రెండు దిండ్లు" అంది ఆలోమణి. పిల్ల పకపకా నవ్వి, అంతలోనే ఏడ్చింది. తనకూ ఒక స్నేహితురాలు ఉందట, అమ్మకి చెప్పలేదట. ఈ బొమ్మ గోడకు తగిలించుకో తల్లీ. అమ్మ అడిగితే పురాణం అని చెప్పు. అది అబద్ధం కాదు.

4. ఇంటి విషయం. నా పటాలు అమ్మి నేను కట్టించిన ఇల్లు. మా ముసల్మానుల చట్టం ప్రకారం వారసులు కానివాళ్లకు వీలునామాలో మూడో వంతు దాటి రాయకూడదు, పిల్లలు లేని నాకు వారసుడు తమ్ముడే. అది తెలిసే నిమాయ్ పదిమందిలో, "నువ్వు పోయాక మీ సవతిగారు బస్టాండులో పడుకుంటుందా దిదీ?" అన్నాడు. ఆలోమణి ఆ పూట అన్నం తినలేదు.

కాబట్టి ఇల్లు ఈ వీలునామాలో లేదు. బతికుండగా ఇచ్చే దానానికి ఆ హద్దు లేదు. పోయిన వర్షాకాలంలో మౌల్వీగారి ఎదుట ఇల్లు మొత్తం ఆలోమణికి దానం ఇచ్చేశాను. ఇచ్చినవాళ్లు ఇల్లు స్వాధీనం చెయ్యాలి. ఒకే ఇంట్లో ఉంటున్నవాళ్లు బయటికి వెళ్లక్కర్లేదని వకీలు అన్నాడు. రేపు నిమాయ్ పేచీ పెట్టకుండా, వెళ్లే తీరతానని నేనే పంతం పట్టాను. తాళంచెవి ఆమె చేతిలో పెట్టి, బట్టల మూట, పటాల సంచీ తీసుకుని, అందరూ చూస్తుండగా గుమ్మం దిగాను. వాన. ఆలోమణి లోపల గడియ పెట్టుకుంది. నేను తలుపు తట్టాను.

"ఎవరమ్మా?" అంది, నవ్వాపుకుంటూ.

"పటం పాడుకునేదాన్ని. ఉండటానికి చోటిస్తావా?"

"ఎన్నాళ్లుంటావేంటి?"

"ఉండనిచ్చినన్నాళ్లు."

తలుపు తీసింది. మౌల్వీగారు కళ్లు తుడుచుకుని, స్వాధీనం పూర్తయిందని రాసుకున్నారు.

ఇది చదివి వినిపించగా విని, సరే అని చేసిన సంతకం.

బెంగాలీ సంవత్సరం 1430, అగ్రహాయణ మాసం 12.

(సం.) కమలిని చిత్రకర్
నివాసం: ఆలోమణి బీబీ గారి ఇల్లు

సాక్షులు:
మౌల్వీ ఇస్రాఫిల్ మల్లిక్
గోపీనాథ్ మాయితీ, రేషన్ డీలరు