పన్నెండో పాఠం తర్వాత

అమీర్‌పేట,
22 అక్టోబరు, 2002.

చి. రాగసుధకు అమ్మ దీవెనలు. నేను, నానమ్మ కులాసాగా ఉన్నాం. పుణెలో అప్పుడే చలి మొదలైందన్నావు, నీ స్వెట్టర్ నిన్ననే పార్సిల్ చేశాను.

నువ్వడిగినవాటికి వరసగా జవాబులు. నా మోకాలు నయం, పంజాగుట్ట డాక్టరుగారు మందు మార్చారు. నాన్నగారి ఇన్‌స్టిట్యూట్ గది ఎవరో జావా నేర్పేవాళ్లు తీసుకున్నారు.

ఇక, కంప్యూటర్లో ఆయన రికార్డు చేసిన పాఠాల్లోని గొంతు సీడీలో పంపమన్నావు. వేసవిలో ఆయన కంప్యూటర్ ఇంటికి తెచ్చి బిగించిన రోజే, రిపేర్లు చేసే విజయేందర్ చెప్పాడు. "అమ్మా, గీ హార్డ్ డిస్కు తిరిగినన్ని రోజులే బతుకుతది. బంద్ చేస్తే మళ్ల లేస్తదో లేదో. దసరా అయినంక సీడీ రైటర్ తెస్త, అందాక జర స్విచ్ జోలికి పోకుర్రి." ఇన్వర్టర్ పెట్టించి రాత్రింబవళ్లు నడిపించాను.

ఆయుధపూజనాడు నేనే ఆపేశాను తల్లీ. నాన్నగారు ఏటా మెషిన్లన్నీ ఆపి, తుడిచి, బొట్టు పెట్టి, ఆ ఒక్కరోజు వాటికి సెలవిచ్చేవారు కదా. చేతికి అదే అలవాటు. కుంకుమ పెట్టాక గుర్తొచ్చింది. మర్నాడు స్విచ్ వేస్తే డిస్కు తిరగలేదు. విజయేందర్ దాన్ని విప్పి తన దుకాణానికి పట్టుకెళ్లాడు.

ఆ మధ్యాహ్నం మూడింటికి నానమ్మ పిలిచింది. "కమలా, అబ్బాయి క్లాసు మొదలెట్టినట్టున్నాడే!"

పెద్దావిడకు మతి తప్పిందనుకున్నాను. వెళ్లి చూస్తే, ప్లగ్గు పీకేసిన ఖాళీ పెట్టెలో డిస్కు తిరుగుతున్న చప్పుడు. అందులోంచి నాన్నగారి గొంతు, మధ్యమధ్య ఆ దగ్గు.

ఆయన రికార్డు చేసినవి పన్నెండు పాఠాలే. పన్నెండోది సగంలో ఉండగానే ఆసుపత్రికి తీసుకెళ్లాం, ఆయనింక ఇంటికి రాలేదు. నేనారోజు విన్నది మిగిలిన సగం. రోజూ మూడింటికి ఒకటి చొప్పున, నిన్నటికి పదిహేడు. నోట్సు రాసుకుంటున్నాను.

మొన్న విజయేందర్ ఫోన్ చేశాడు. "అమ్మా, ఒక్కసారికైతే లేస్తదనిపిస్తున్నది. స్విచ్ వెయ్యాల్నా?"

వద్దన్నాను. నిన్ను అడగకుండానే వద్దన్నాను. డిస్కు లేస్తే నీకు పన్నెండు పాఠాలూ దక్కుతాయి. కానీ అక్కడది తిరిగితే, ఇక్కడ ఈయన ఆగిపోతారేమో.

నిన్న పాఠం మధ్యలో "రాగసుధా, అర్థమైందా?" అని అడిగి ఊరుకున్నారు. జవాబు కోసం చూస్తున్నట్టనిపించింది. ఆ ప్రశ్న నోట్సులో రాసి, జవాబు చోటు నీకోసం ఖాళీగా ఉంచాను.

సెలవు పెట్టి వచ్చి, ఆయనకు నువ్వే జవాబు చెప్పమ్మా. అందాకా ఆ స్విచ్ వేయనివ్వను.

ఇట్లు,
నీ రాక కోసం చూసే
అమ్మ